పసుపు మూటలో కవల

"జుడ్వా ఏదని అడుగుతుందక్కా," అన్నది చెల్లె.

గంటె నా చేతిలోంచి జారి చారుగిన్నెలో పడ్డది. జుడ్వా అంటే కవల. నాకు వచ్చే హిందీ అంతంత మాత్రమే, కాని ఆ మాట తెలుసు. ఫోన్‌లో ఉగాండా నుంచి మాట్లాడుతున్న పెద్దామె ఎర్రమట్టి వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చుంది. బిడ్డను మొదటిసారి చూస్తున్నది. నవ్వలేదు, ఎవరి పోలిక అనలేదు. కవల ఎక్కడ అన్నది.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు తలుపు తీసింది నేనే. తెల్లగుడ్డలో ఒక్కటే బిడ్డ. మరి రెండోది పుట్టి పోయిందా? నాకు చెప్పకుండా దాచారా? ఇన్ని రోజులు ఈ చేతులతో నీళ్లు పోసిన నాకు తెలియకుండానా?

"ఒక్కతే కదా చెల్లె! దేవుని మీద ఒట్టు, నేను చూసింది ఒక్కదాన్నే," అన్నాను.

చెల్లె బిడ్డ చొక్కా పైకెత్తి బొడ్డు వైపు చూసింది. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

ముందు ఎవరెవరో చెప్పాలి. మేము జగిత్యాల వైపు వాళ్లం. మా ఆయన దుబాయ్‌లో ఒక గోదాంలో స్టోర్ కీపర్. ఇంటర్నేషనల్ సిటీలో రెండు గదుల ఫ్లాట్ షేరింగ్‌లో తీసుకున్నాం. ఒక గది మాది, ఇంకో గది ఉగాండా నుంచి వచ్చిన ఆలుమగలది, వంటిల్లు అందరిదీ. అతను సెక్యూరిటీ గార్డు. ఆమె మన దేశం వాళ్ల బ్యూటీ పార్లర్‌లో పని చేస్తూ అక్కడే హిందీ పట్టుకుంది. మా ఇద్దరి మాటలూ ఆ అరకొర హిందీలోనే. నేను చెల్లె అన్నాను, ఆమె అక్కా అన్నది, అంతే. నేను బడికి పోయినదాన్ని కాదు. చిన్నప్పుడు కాలు బాగుండకపోతే మా నాయనే ఇంట్లో పలక మీద దిద్దించి, పురాణాలు చదివించాడు. ఆయనకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. కథ మొదలైతే కొస దాకా వినకుండా లేవలేని గుణం ఆయన దగ్గర నుంచి వచ్చిందే.

చెల్లె కడుపుతో ఉన్నప్పుడు అట్లాగే ఒక కథ విన్నాను. వంటింట్లో కింద కూర్చొని ఇద్దరం గోరుచిక్కుడుకాయ తుంచుతున్నాం.

"మా ఆయనవాళ్ల వంశంలో మొదటి మనిషి ఒంటరిగా వచ్చాడక్కా," అన్నది. "వెంట ఒక్క ఆవు. దాని పాలే తిండి. ఆకాశం దొర కూతురు దిగొచ్చి అతన్ని చూసి మనసుపడ్డది. తండ్రి ఊరికే ఇస్తాడా? అడగరాని పరీక్షలన్నీ పెట్టాడు. అన్నీ గెలిచాక చెప్పాడు: తెల్లవారకముందే మీ ఇద్దరూ వెళ్లిపొండి, ఏం మరిచిపోయినా వెనక్కి రావద్దు."

"ఎందుకు రావద్దు?"

"ఆమెకొక అన్న ఉన్నాడు. వాడికి తెలిస్తే వెంటబడతాడు."

సగం దారిలో ఆ పిల్లకు గుర్తొచ్చిందట. కోడిని తెచ్చుకుంది, కోడికి వేసే తైదలు, రాగులన్నమాట, మరిచిపోయింది. మొగుడు వద్దన్నా వెనక్కి పోయింది. తైదలు తెచ్చింది. వెనకే అన్న కూడా వచ్చాడు.

"ఇంతకీ ఆ అన్న ఎవరు?"

"చావు," అన్నది చెల్లె, చిక్కుడుకాయ పీచు తీస్తూ.

నాకు ఒళ్లు జల్లుమన్నది. మనకు యముడున్నాడు, కాని ఆయన ఎక్కడో దక్షిణాన ఉంటాడు, రావలసినప్పుడు వస్తాడు. ఇక్కడ చావు తోడబుట్టినవాడు. అంటే ఆ తల్లికి పుట్టిన పిల్లలందరికీ మేనమామ! మా దగ్గర పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకునేది మేనమామే. ఆ ఒళ్లో చావును ఊహించుకున్నాను.

"ఆ అన్న ఊరికే చంపలేదక్కా. నాకు వండిపెట్టడానికి మీ పిల్లల్లో ఒకదాన్ని పంపమని అడిగాడు. బావ పంపనన్నాడు. అప్పుడు పగపట్టాడు."

"మేనమామ అడిగితే పిల్లను పంపలేదా?" అనేశాను. నోరు జారాక నాకే భయమేసింది. చెల్లె మాత్రం కడుపు పట్టుకొని నవ్వింది.

డ్యూటీ నుంచి వచ్చిన వాళ్లాయన గుమ్మంలో బూట్లు విప్పుతూ ఆ నవ్వు విన్నాడు. సంగతి తెలుసుకొని, "అంతా ఆడదాని వల్లే. తైదల కోసం వెనక్కి పోవడమేంటి?" అన్నాడు.

"ఆకలేసిన కోడికి గింజలెయ్యడం తప్పా? నువ్వు డ్యూటీకి టిఫిన్ డబ్బా మరిచిపోతే వెనక్కి రావా?" అన్నది చెల్లె.

అతను తల గోక్కున్నాడు. ఆ మొదటి మనిషే వాళ్లకు మొదటి రాజట. ఆయన చనిపోలేదట, అడవిలోకి నడిచి కనబడకుండా పోయాడట. వాళ్ల రాజ్యంలో ఇప్పటికీ రాజు పోతే పోయాడనరు, నిప్పు ఆరిందంటారట. మేము దీపాన్ని కూడా ఆరిందనం, కొండెక్కిందంటాం. చెప్పాను. ఇద్దరూ ఆశ్చర్యపోయారు. వాళ్లాయన ఆ రాజవంశంలో ఒక దూరపు కొమ్మవాడని అప్పుడే తెలిసింది.

మా ఆయనకు చెప్తే ముద్ద నోటి దాకా పోయి ఆగింది. "రాజా? గా యూనిఫాంల? రోజు నాకే సలాం కొడతడు గదనే!"

"రేపటి నుంచి మీరు కొట్టండి," అన్నాను.

రెండువేల ఇరవైలో, కరోనాకు అన్నీ మూసేసిన రోజుల్లో బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఇంటికొచ్చిన కొద్దిరోజులకే చెల్లెకు జ్వరం, దగ్గు. ఒళ్లంతా తెల్లటి సూట్లు వేసుకున్నవాళ్లు వచ్చి ఆమెను అంబులెన్స్‌లో తీసుకుపోయారు. బిడ్డను ముట్టుకోనివ్వలేదు. ఆమె లిఫ్ట్ దగ్గర నిలబడి నా వైపు చూసిన చూపుంది చూడండి, దానికి జవాబుగా నేను చేతులు చాచి బిడ్డను ఎత్తుకున్నాను. తండ్రి డ్యూటీకి పోక తప్పదు. మా ఆయన పాలడబ్బాలు తెచ్చాడు. నేను కాళ్లు చాపుకొని, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టి, మా అమ్మ పోసినట్టే నీళ్లు పోశాను. నాకు పిల్లలు లేరు. అన్ని రోజులు ఒక బిడ్డను ఎత్తుకునే భాగ్యం దేవుడు ఆ దారిలో ఇచ్చాడు. ఆ మాట అనుకోవడానికి కూడా అప్పుడు భయమేసేది, తల్లి అట్లా ఉన్నప్పుడు.

ఒకరోజు నీళ్లు పోస్తుంటే ఎండిన బొడ్డు ఊడి నా అరచేతిలోకి వచ్చింది. మా దగ్గర దాన్ని పారెయ్యరు. తాయెత్తులో పెట్టి బిడ్డకు కడతారు, లేదా దాస్తారు. పసుపు రాసిన గుడ్డముక్కలో చుట్టి మూట కట్టాను. పురుటి మైల కదా, దేవుని అరలో పెట్టబుద్ధి కాలేదు. అర పక్కన గోడమేకుకు తగిలించాను. ఆ సాయంత్రమే ఇంకో పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల కట్టి, మా గుట్ట మీది అంజన్నకు, అంటే ఆంజనేయస్వామికి, ముడుపు మొక్కాను. 'ఈ బిడ్డ తల్లి నడిచి ఇంటికి రావాలి స్వామీ' అని. దాన్ని అరలో, పటం ముందు పెట్టాను.

ఆయన విన్నాడు. చెల్లె చిక్కి సగమై వచ్చింది, కాని నడిచే వచ్చింది.

అప్పుడే మనవాళ్లను ఇంటికి చేర్చే సర్కారు విమానాలు మొదలయ్యాయి. మా ఊరి పక్క ఊరతను, అబుదాబి దగ్గర ముసఫ్ఫాలో కంపెనీ మూతబడి ఇంటికి పోతున్నాడు. నన్ను వదినా అంటాడు. మొక్కు తీరింది, ముడుపు ఎప్పటికైనా గుట్టకు చేరాలి. "పసుపు మూట ఇచ్చి పంపండి, గుళ్లు తెరిచినంక హుండీల వెయ్యమనండి," అని మా ఆయనకు చెప్పి బట్టలుతికే పనిలో పడ్డాను. ఆయన ఇచ్చి వచ్చాడు. చేతులు జోడించి పంపానని కూడా చెప్పాడు.

ఆ తర్వాత కొద్దిరోజులకు, ఒక శుక్రవారం పొద్దుట వచ్చిన ఫోనే ఇది. ఆ పెద్దామె బిడ్డ తండ్రికి అక్క. అంటే బిడ్డకు మేనత్త. వాళ్ల దగ్గర కూడా మేనత్త మాటే మాట.

చెల్లె కళ్లు తుడుచుకొని చెప్పింది. వాళ్లు కవల అనేది ఊడిన బొడ్డునే. బిడ్డతో పాటు పుట్టింది కాబట్టి అది బిడ్డకు కవల. పూర్వం రాజుల కవలనైతే గుడ్డలు చుట్టి, పూసలు కుట్టి, రాజు కొలువులో కూర్చుంటే పక్కన దాన్ని కూడా ఉంచేవారట. మామూలు ఇళ్లల్లో తల్లి దాచిపెడుతుంది. బిడ్డ కాస్త పెద్దదయ్యాక కులపెద్దలందరూ కూర్చుంటారు. గిన్నెలో నీళ్లు పోసి, మేనత్త ఆ బొడ్డును అందులో వేస్తుంది. తేలితే బిడ్డ ఆ వంశంది. మునిగితే కాదు.

"దాన్ని మా భాషలో పొదగడం అంటారక్కా," అన్నది. "కోడి పొదిగినట్టు. అప్పటిదాకా బిడ్డ గుడ్డులోనే ఉన్నట్టు లెక్క. పేరుండదు, వంశముండదు."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"ఎట్లా అడగను? వచ్చేసరికి ఊడిపోయి ఉంది. నువ్వు పారేసి ఉంటావనుకున్నా. నా బిడ్డను బతికించినదానివి. ఆ మాట అడిగి నిన్ను బాధపెట్టాలా?"

వీళ్ల పెళ్లి ఇక్కడి చర్చిలో జరిగింది. అక్కడి పెద్దలెవరూ చూడలేదు. బిడ్డ నెల ముందే పుట్టింది. దాని మీద అక్కడ గుసగుసలు మొదలయ్యాయట. కవల తేలితే నోళ్లు మూతపడతాయి. లేకపోతే ఆ బిడ్డ జీవితమంతా గుడ్డులోనే. అత్త అడిగింది అందుకు.

నాకు మనసు పొంగిపోయింది. నేను పారెయ్యలేదు కదా!

"ఉంది చెల్లె! నా దగ్గరే ఉంది!" అని పరుగెత్తాను. గోడమేకు ఖాళీగా ఉంది. అరలో పసుపు మూట ఉంది. ఈయన సర్దేటప్పుడు మేకు మీదిది అరలో పెట్టి ఉంటాడనుకున్నాను. తెచ్చి, ఫోన్ ముందు, అత్త చూస్తుండగా ముడి విప్పాను.

రూపాయి బిళ్ల.

ఆ బిళ్ల వైపే చూస్తున్నాను. ఫోన్‌లో అత్త ఏదో అడుగుతున్నది. చెల్లె నా మొహం చూసి బిడ్డను గట్టిగా పట్టుకుంది. అప్పుడు తెలిసింది. గోడకు వేలాడుతున్నది చేతికందింది, ఈయన అదే తీసి ఇచ్చాడు. ఒక రాజవంశపు బిడ్డ కవల అంజన్న హుండీకి బయలుదేరింది.

మా ఆయనను లేపాను. పాపం, సెలవని పడుకున్నాడు.

"ఏ మూట ఇచ్చిన్రయ్యా?"

"పసుపుది. నువ్వు చెప్పిందే."

"అది బొడ్డయ్యా!"

ఆయన మంచం మీద లేచి కూర్చొని, "ఎవలి బొడ్డు?" అన్నాడు. పక్కగది తలుపు వైపు చూశాడు. మొహం తెల్లబోయింది. "నేను దండం కూడ పెట్టి పంపిన గదనే," అన్నాడు.

హుండీలో వేస్తే ఖలాస్, ఇక తిరిగిరాదు. ఊరికి ఫోన్ చేశాం. పక్కన చెల్లె నిలబడింది, ఏడవడం కూడా మానేసింది.

"వదినా, మంచిగున్నరా?" అన్నాడు ఆ తమ్ముడు.

"ముడుపు ఏం చేసినవ్ తమ్మీ?"

"ఏం జేస్త? నన్ను ఇంట్లకే రానిస్తలేరు. దుబాయోడొచ్చిండని ఊరోళ్లు పొలం కాడ కొట్టంల ఉంచిన్రు. గుళ్లు ఇంక తెరువనే లేదు. ముడుపు అమ్మకిచ్చిన, దూలానికి కట్టింది. రోజు దీపం పెట్టి దండం పెట్టుకుంటున్నది."

జన్మలో ఎన్నడూ అట్లా దేవునికి దండం పెట్టి ఉండను. గుడి మూసినందుకు కూడా దండం పెట్టాను, ఆయన క్షమించాలి.

సంగతి చెప్పాను. అతను గొంతు తగ్గించి, "బొడ్డుకా దీపం పెట్టింది? అమ్మకు తెలిస్తే నన్ను సంపుతది వదినా," అన్నాడు. కాని ఆ తల్లి సద్ది తెచ్చి అక్కడే నిలబడి ఉందట. దూరం నుంచే అరిచింది, నాకు వినబడింది: "ఏం బొడ్డురా? ఎవలిదిరా?"

స్పీకర్ పెట్టించి నేనే చెప్పాను. పురుటి మైలకు ఇన్నాళ్లు దీపం పెట్టినందుకు ఎన్ని తిడుతుందో అని కళ్లు మూసుకున్నాను.

"ఆడివిల్లనా, మొగవిల్లనా?" అన్నది.

"ఆడివిల్లే అమ్మా."

"సల్లగుండనీ. తల్లికి చెప్పు బిడ్డా, నీ పిల్ల బొడ్డు నా ఇంట్ల భద్రంగున్నదని. పురుగు పట్టకుంట ఇంకింత పసుపు రాస్త."

చెల్లెకు చెప్తే ఆమె నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. అప్పటిదాకా ఫోన్‌లో ఎదురుచూస్తూనే ఉన్న మేనత్తకు కూడా చెప్పింది. ఆమె "ఆ తైదల్లాగే ఆకాశంలో చిక్కుకుందన్నమాట. వెనక్కి పోయి తేవాల్సిందే," అన్నదట. ఆ కథ విన్నదాన్ని కదా, ఆ మాటకు నాకు మళ్లీ ఒళ్లు జల్లుమన్నది. వెనక్కి పోతే వెంట వచ్చేదెవరో నాకు తెలుసు. అవి రోజూ ఎవరో ఒకరు పోయారని వినే రోజులు.

ఏమీ కాలేదు. చాలా నెలలకు ఆ తమ్ముడు కొత్త వీసా మీద తిరిగొచ్చాడు. వేసుకున్న చొక్కా లోపలిజేబులో మూట పెట్టుకొని తెచ్చాడు. మూట విప్పి చూసి నేను తెల్లబోయాను. ఆ తల్లి చెప్పినంత పనీ చేసింది. బొడ్డు నిలువెల్లా పసుపు, పసుపుకొమ్ము ముక్కలా ఉంది. తుడిస్తే పోలేదు. చెల్లె భయపడింది: "దీన్ని చూసి ఇది మాది కాదంటే?"

ఆ భయంతోనే వాళ్లు ఊరికి పోయారు, బిడ్డ పరుగులు పెట్టే వయసులో. పొదిగే రోజు చెల్లె ఫోన్‌ను ఎవరి చేతికో ఇచ్చి నాకు వీడియో పెట్టించింది. నేనూ మా ఆయనా దేవుని అర ముందు కూర్చొని చూశాం. అరటిచెట్ల పక్కన చాపలు, తెల్లటి పొడుగు అంగీల్లో పెద్దలు, మధ్యలో నీళ్ల గిన్నె. మేనత్త గుడ్డ విప్పింది. ఒక ముసలాయన వంగి చూసి ఏదో అన్నాడు. అందరూ మెడలు చాచి చూశారు. ఏమన్నాడో నాకు తెలియదా? పసుపుగా ఎందుకుందన్నాడు. చెల్లె తల వంచుకొని నిలబడింది. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఇది నా పసుపు, మా పసుపు, ఆ బిడ్డను మునగకొట్టేది ఇదేనా అనిపించింది.

మేనత్త లేచి నిలబడలేదు, గొంతు కూడా పెంచలేదు. బొటనవేలితో ఆ ముక్కను నిమురుతూ ఏదో చెప్పింది. చాపల మీద ఆడవాళ్లు ఫక్కున నవ్వారు. ముసలాయన కూడా నవ్వు ఆపుకుంటూ కూర్చున్నాడు. ఆమె దాన్ని నీళ్లలో వదిలింది.

తేలింది.

గిన్నె మధ్యలో పచ్చగా తిరుగుతూ తేలింది. ఆడవాళ్లు నాలుకలు ఆడిస్తూ ఒక కేక పెట్టారు. ఆ కేకకు మా ఫోన్ బద్దలవుతుందేమో అనుకున్నాను. మా ఆయన "జై అంజన్న" అనేశాడు.

మర్నాడు చెల్లె ఫోన్ చేసింది, పక్కన మేనత్త ఉంది. ముందు నేను అడిగింది ఆ నవ్వు సంగతి.

"మన మొదటి తల్లి ఆకాశం నుంచి దిగింది కదా, ఆమె చేతులకు ఏ రంగు ఉందో మీలో ఎవరైనా చూశారా అని అడిగిందక్కా."

రెండోది అడగాలా వద్దా అని తటపటాయించి అడిగేశాను. ఆమె బొటనవేలితో నిమిరేటప్పుడు వేలు మెరిసింది. నేను చూశాను.

మేనత్త దాచలేదు. "వెన్న," అన్నది. చెల్లె ఆమె మాటలను హిందీలోకి మార్చి చెప్తూ పోయింది. అది అందరికీ తెలిసిన ఆచారమేనట, ముందు వెన్న రాసి నీళ్లలో వేస్తారట.

రెండేళ్లు నేను పడ్డ భయం, గుడి మూసి ఉన్నందుకు దేవునికి పెట్టిన దండం, దూలానికి పెట్టిన దీపాలు! "వెన్న రాస్తే ఏదైనా తేలుతుంది కదా చెల్లె! మునిగిన బిడ్డ ఎవరైనా ఉన్నారా అసలు, అడుగు."

అటు ఇద్దరూ మాట్లాడుకున్నారు.

"తను చూడలేదంట. వాళ్ల మేనత్త కూడా చూడలేదంట. కాని వెయ్యడానికి కవల ఉండాలి కదా, లేకపోతే వెన్న దేనికి రాయాలి అంటోంది." చెల్లె నవ్వుతూ మళ్లీ అన్నది: "మొదటామె ఒక్కసారి తైదలు మరిచిపోయి ఇంత చేసిందట. అప్పటి నుంచి ఈ ఇంటి ఆడవాళ్లు బయలుదేరే ముందు అన్నీ చూసుకుంటారంట."

ఫోన్ పెట్టేశాక అరలో చూశాను. మళ్లీ ముడి వేసి పెట్టిన రూపాయి బిళ్ల ముడుపు అక్కడే ఉంది, అంజన్నకు ఇంకా చేరనేలేదు. ఈసారి నేనే తీసుకుపోయాను. విమానం ఎక్కే ముందు ఎయిర్‌పోర్ట్‌లో మా ఆయన, "ఒక్కసారి విప్పి చూడరాదే," అన్నాడు. ముడుపు విప్పకూడదు. అయినా బట్ట మీద నుంచే తడిమి చూసుకున్నాను. గుండ్రంగా, గట్టిగా ఉంది.